హెపా మార్చమన్నారు, గేజ్ ఒప్పుకోలేదు: మిర్యాలగూడ ఓటీ కేసు

ఈ ఆసుపత్రి మిర్యాలగూడలో ఉంది, పేరు చెప్పను. యాభై పడకలు, రెండు ఆపరేషన్ థియేటర్లు (ఓటీలు). ఒకటి ఎముకల ఆపరేషన్లకు, రెండోది కాన్పులకు, జనరల్ సర్జరీకి. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రుల్లో ఏహెచ్‌యూల (గాలిని వడకట్టి, చల్లబరిచి ఓటీకి పంపే యంత్రాల) మెయింటెనెన్స్, ఓటీ వ్యాలిడేషన్ (ఓటీలో గాలి ప్రమాణాల ప్రకారం ఉందో లేదో కొలిచి చూడటం) నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఒక్కటే. ఓటీలో గాలి తగ్గితే మన దగ్గర మొదటి అనుమానం హెపా ఫిల్టర్ (ఓటీలోకి వచ్చే గాలిని చివరగా వడకట్టే సన్నటి ఫిల్టర్) మీదకే పోతుంది. ఇక్కడ లక్షకు పైగా ఖర్చు పెట్టించబోయింది కూడా ఆ అనుమానమే.

నవంబరులో ఫోన్ వచ్చింది. వానాకాలం వరి కోతలు జోరుగా ఉన్నాయి, మిల్లులు రాత్రీ పగలూ నడుస్తున్నాయి. మేనేజర్ చెప్పిన ఇబ్బందులు మూడు. ఎముకల ఓటీ చల్లబడటం లేదు. ఏహెచ్‌యూలో గాలిని చల్లబరిచే కాయిల్ మీద ఐస్ పడుతోంది. ఆ నెల సెటిల్ ప్లేట్లలో (గాలిలోంచి పడే క్రిములను పట్టడానికి తెరిచిపెట్టే ప్లేట్లు) ఫంగస్ కాలనీలు వచ్చాయి. ఏసీ మెకానిక్ అప్పటికే రెండుసార్లు గ్యాస్ నింపాడు. ఫిల్టర్లు సరఫరా చేసే వాళ్లు ఫోన్లోనే తేల్చేశారు.

"హెపా జామైందట సార్. నాలుగూ మార్చాలంటున్నరు. ఆర్డర్ పెడతం, మీరొచ్చి బిగిస్తే అయిపోతది."

ఆర్డర్ ఆపమన్నాను. హెపా ముందూ వెనకా ప్రెషర్ తేడా చూపే గేజ్ ఉంది కదా, దాని రీడింగ్ ఎంతో చెప్పమన్నాను. ఓటీ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడిగి చెప్పాడు: 85 పాస్కల్. "తక్కువే ఉంది సార్, రెండొందల లోపే. గేజ్ ఖరాబైనట్టుంది."

ఫిల్టర్ మూసుకుపోతే గేజ్ ముల్లు పైకి పోవాలి. గాలి తగ్గింది, ముల్లు కూడా కిందే ఉంది అంటే ఫిల్టర్ గాలిని ఆపడం లేదు, ఫిల్టర్ దాకా గాలే రావడం లేదు. గేజ్ పాడయ్యే అవకాశం లేకపోలేదు. దాని ట్యూబ్ ఊడిపోయినా, పగిలినా రీడింగ్ పడిపోతుంది. కానీ అది రెండో అనుమానం కావాలి. చాలాచోట్ల యంత్రం చెప్పేది మనం అనుకున్నదానికి కలవకపోతే వెంటనే యంత్రానిదే తప్పంటారు.

ఓటీ లెక్క

ఈ ఓటీ పొడవు వెడల్పు 20 అడుగుల చొప్పున, ఎత్తు 10. అంటే 4,000 ఘనపుటడుగులు. టేబుల్ మీద సీలింగ్‌లో 8 అడుగులకు 6 అడుగుల లామినార్ ప్లీనం (గాలిని నిటారుగా, సమంగా కిందికి దించే పెట్టె), అందులో నాలుగు హెపాలు. డక్ట్‌కి (గాలి గొట్టానికి) ముందు ఏహెచ్‌యూలో 10 మైక్రాన్లు, 5 మైక్రాన్ల ప్రీ-ఫిల్టర్లు రెండు వరుసలు, తర్వాత నాలుగు టన్నుల కాయిల్, ఆ తర్వాత బెల్ట్‌తో తిరిగే బ్లోయర్. దానికి రెండు హెచ్‌పీ మోటారు.

ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఓటీలో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి. అందులో కనీసం 4 బయటి తాజా గాలి. ఓటీలో పీడనం పక్క గదులకన్నా కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి. టేబుల్ మీదకు దిగే గాలి వేగం నిమిషానికి 25 నుంచి 35 అడుగులు. ఈ గదికి 20 సార్లు మారాలంటే నిమిషానికి 1,333 ఘనపుటడుగులు, అంటే 1,333 సీఎఫ్ఎం కావాలి. ప్లీనం 48 చదరపు అడుగులు, వేగం 30 అనుకుంటే 1,440 సీఎఫ్ఎం. మొదట్లో సిస్టమ్ పెట్టినవాళ్లు దాదాపు దీనికే సెట్ చేశారు. వాళ్లిచ్చిన షీట్ ఫైల్లో భద్రంగా ఉంది. మన ప్రాంతంలో ఇది అరుదు. ఇలాంటి కమిషనింగ్ షీట్ (మొదట పెట్టినప్పటి కొలతల కాగితం) లేని ఓటీలో రోగం కనిపెట్టడం పాత రిపోర్టులు లేని పేషెంటును చూసినట్టే.

ఆ షీట్‌లో హెపా ప్రెషర్ తేడా 160 పాస్కల్, మోటారు కరెంటు 2.9 ఆంపియర్లు.

నేను కొలిచింది

చాలామంది ప్లీనం కింద రెక్కల ఎనిమోమీటర్ పట్టుకుని నిలబడతారు. నిమిషానికి 30 అడుగుల వేగానికి ఆ రెక్క సరిగ్గా తిరగనే తిరగదు. తిరిగినా ఆ అంకెను నమ్మలేం. అందుకే మెయిన్ సప్లై డక్ట్‌లో చూశాను. అది 24 అంగుళాలకు 12 అంగుళాలు, సరిగ్గా రెండు చదరపు అడుగులు. చిన్న రంధ్రాలు వేసి హాట్‌వైర్ ప్రోబ్‌తో (వేడి తీగతో గాలి వేగం కొలిచే మీటరు) వరుసగా చాలా పాయింట్లు తీసుకుంటే సగటు వేగం నిమిషానికి 310 అడుగులు వచ్చింది. అంటే 620 సీఎఫ్ఎం. గంటకు తొమ్మిది సార్లు గాలి మారుతోంది. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

ఇది సర్జన్ గారికి చెప్పినప్పుడు ఆయన అడిగింది మంచి ప్రశ్న: "తొమ్మిదికీ ఇరవైకీ నాకు టేబుల్ దగ్గర ఏం తేడా?" తేడా కేసుకూ కేసుకూ మధ్య కనిపిస్తుంది. గంటకు 20 మార్పులుంటే గాలిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 14 నిమిషాలు చాలు. 10 మార్పులైతే 28 నిమిషాలు. తొమ్మిదికి అరగంట. ఈ ఓటీలో ఒక పేషెంటును బయటికి తెచ్చి తుడిచి, తర్వాతి పేషెంటును ఎక్కించడానికి పట్టేది ఇరవై నిమిషాలే. అంటే మొదటి కేసు దుమ్ము రెండో కేసు దాకా మిగిలే ఉంటుంది.

క్లాంప్ మీటర్ పెడితే మోటారు 2 ఆంపియర్లే తీసుకుంటోంది. దీన్ని చూసి తొందరపడకూడదు. ఈ రకం బ్లోయర్‌కి గాలి తగ్గితే కరెంటు తగ్గుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా తగ్గుతుంది, బెల్ట్ జారినా తగ్గుతుంది. ఆంపియర్ ఒక్కటి చూసి "అవును, జామే" అన్న వాళ్లను చూశాను. ఆంపియర్ తక్కువై హెపా గేజ్ ఎక్కువైతే ఫిల్టర్‌ని అనుమానించాలి. రెండూ తక్కువైతే బ్లోయర్ వైపు చూడాలి.

గేజ్ ట్యూబులు తీసి ఊది చూశాం, ఎక్కడా లీకు లేదు. ముల్లు సున్నాకు సరిగ్గానే వస్తోంది.

సిస్టర్ గారి రిజిస్టర్

అసలు సాక్ష్యం ఓటీ ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గర దొరికింది. ఆమె రోజూ ఉదయం మొదటి కేసుకు ముందు టెంపరేచర్, తేమ, హెపా గేజ్ రీడింగ్ రాస్తారు. ఎవరూ చదవకపోయినా రాశారు. ఆగస్టు మొదట్లో 180 చుట్టూ ఉంది. ఒకరోజు 182, మర్నాడు 80. అక్కణ్నుంచి నవంబరు దాకా 80, 82, 85.

ఫిల్టర్ మూసుకుపోవడం నెలల తరబడి మెల్లగా జరిగే పని. ఒక్క రాత్రిలో అంకె సగానికి పడిందంటే ఎవరో ఏదో మార్చారు. రిజిస్టర్ ఫార్మాట్‌లో "250 దాటితే మెయింటెనెన్స్‌కి తెలపాలి" అని మాత్రమే ఉంది. కింది హద్దు లేదు. అందుకని ప్రతి 80 పక్కనా టిక్కు పడింది.

ఆ తేదీన ఏం జరిగిందని అడిగితే ఎలక్ట్రీషియన్‌కి గుర్తొచ్చింది. పిడుగుల వానకు ఏహెచ్‌యూ డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోయింది. తెల్లారితే తుంటి ఆపరేషన్ ఉంది. పాత స్టార్టర్ ఒకటి ఉంటే దాన్ని బిగించి మోటారుకు డైరెక్ట్ సప్లై ఇచ్చాడు.

"గాలైతే వచ్చింది సార్. చెయ్యి పెట్టి చూసిన."

అక్కడే అందరూ మోసపోతారు. డ్రైవ్ ఉన్నంతకాలం మోటారు తిరిగే దిశ డ్రైవ్ చేతిలో ఉంటుంది, బయటి ఫేజుల వరుసతో దానికి పని లేదు. డైరెక్ట్ స్టార్టర్ మీద నడిపితే ఫేజుల వరుసే దిశను నిర్ణయిస్తుంది. ఇక్కడ అది తిరగబడింది. గోడకు పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎదురు తిరిగితే గాలి లోపలికి వస్తుంది, చిన్నపిల్లాడైనా కనిపెడతాడు. ఏహెచ్‌యూలో ఉండేది సెంట్రిఫ్యూగల్ బ్లోయర్. అది ఎదురు తిరిగినా గాలి డక్ట్‌లోకే పోతుంది, కాకపోతే బాగా తక్కువ పోతుంది. చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలియదు.

బ్లోయర్ కేసింగ్ మీద తిరగాల్సిన దిశకు బాణం గుర్తు ఉంటుంది. ఇక్కడది దుమ్ము కింద ఉంది. తుడిచి, మోటారు ఆపి, పుల్లీ మెల్లగా ఆగుతుండగా చూశాం. బాణానికి ఎదురు. కంప్రెసర్‌కు వేరే లైను, దానికి ఫేజ్ వరుస చూసే రిలే ఉంది కాబట్టి అది మామూలుగానే నడిచింది. దానివల్ల కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

ఐస్ సంగతీ తేలిపోయింది. కాయిల్‌కి టన్నుకు దాదాపు 400 సీఎఫ్ఎం గాలి కావాలన్నది మా లెక్క. నాలుగు టన్నుల కాయిల్ మీద 620 పోతే టన్నుకు 155 పడుతుంది. వేడి అందక కాయిల్ గడ్డకడుతుంది, సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ పీడనం) పడిపోతుంది. మెకానిక్ గేజ్ పెట్టి చూస్తే అచ్చం గ్యాస్ తక్కువైనట్టే కనిపిస్తుంది. అందుకే రెండుసార్లు గ్యాస్ ఎక్కించాడు. ఐస్ పడిందంటే గ్యాస్ బాటిల్ తెచ్చే ముందు ఫిల్టర్, బెల్ట్, దిశ చూడాలన్నది ఏసీ మెకానిక్‌లందరికీ తెలుసు. అర్జెంటులో మర్చిపోతారు.

మరి ఫంగస్?

గాలి తగ్గితే చల్లదనం పోతుంది సరే. కానీ హెపా బాగుంటే ఫంగస్ ఎక్కణ్నుంచి వచ్చింది? ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ స్పోర్ (బీజం) రెండు నుంచి మూడున్నర మైక్రాన్లుంటుంది. 0.3 మైక్రాన్ల కణాలనే 99.97 శాతం ఆపే ఫిల్టర్‌కి అదో లెక్క కాదు. ఫిల్టర్ గుండా రాకపోతే తలుపు గుండా రావాలి.

ఓటీ తలుపు సందు దగ్గర టిష్యూ పేపర్ ముక్క పట్టుకుంటే అది లోపలికి వంగింది. మీటర్ పెడితే పీడనం తేడా సున్నా. స్క్రబ్ ఏరియా ఎగ్జాస్ట్ వేసినప్పుడు మైనస్‌కు పోతోంది. అంటే కారిడార్ గాలే ఓటీలోకి వస్తోంది.

టెర్రస్ మీదకెళ్తే తాజా గాలి వచ్చే లూవర్‌కి (రెక్కల జాలీకి) రెక్సిన్ కట్టి ఉంది. లోపల గాలిని తగ్గించి పెంచే డ్యాంపర్ కూడా పూర్తిగా మూసేశారు. అడిగితే ఓటీ టెక్నీషియన్ దాపరికం లేకుండా చెప్పాడు. "ఊక బూడిద వచ్చి పడుతుంది సార్. కోతలప్పుడు ప్రీ-ఫిల్టర్ రెండ్రోజులకే నల్లగయితుంది. అందుకే కట్టేసినం."

అతని బాధలో న్యాయముంది. మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లుల బాయిలర్లు ఊకతోనే నడుస్తాయి. కోతల కాలంలో ఆ బూడిద, తవుడు దుమ్ము ఊరంతా తేలుతుంటాయి. ధాన్యం దుమ్ములో ఫంగస్ స్పోర్లు సహజం. లూవర్ మిల్లుల వైపే ఉంది. దుమ్ము రాకుండా లూవర్ మూశారు, దాంతో పాజిటివ్ ప్రెషర్ పోయింది, అదే దుమ్ము తలుపు కింద నుంచి ఏ ఫిల్టరూ లేకుండా వచ్చింది. ఫిల్టర్‌కి అంటాల్సిన మసి ఓటీలోకి చేరింది.

సెటిల్ ప్లేట్లు ఎలా పెట్టారో కూడా చూశాను. 90 మిల్లీమీటర్ల ప్లేటు, నేలకు మీటరు ఎత్తులో, గోడకు మీటరు దూరంలో, గంటసేపు. సరిగ్గానే పెట్టారు. ప్లేట్లలో వచ్చిన ఫంగస్‌కీ, అంతకుముందు ఎవరికైనా కుట్లు చీము పట్టినదానికీ ముడిపెట్టి మాట్లాడొద్దని మేనేజర్‌కి చెప్పాను. గాయం పాడవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. దానికి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఉంది.

సరిచేసిన తీరు

మోటారు దిశ మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు. మెయిన్ ఆపి, లాక్ వేసి, మూడు వైర్లలో ఏవైనా రెండు అటుదిటు చేస్తే చాలు. కానీ ఆ పని ముందు చేయలేదు. మూడు నెలలుగా డక్ట్‌లో గాలి నీరసంగా పోయింది, దుమ్ము పేరుకుని ఉంటుంది. ఒక్కసారిగా రెట్టింపుకు పైగా గాలి పంపితే అదంతా లేచి హెపా మీద పడుతుంది. అందుకని ఓటీ ఖాళీ చేయించి, ముందు ఏహెచ్‌యూ లోపలి దుమ్ము వ్యాక్యూమ్‌తో తీసి, కాయిల్, డ్రెయిన్ ట్రే కడిగి, ప్రీ-ఫిల్టర్లు మార్చాం. ఆ తర్వాతే దిశ తిప్పాం.

ప్రీ-ఫిల్టర్ గురించి ఒక మాట. పాత వాటిమీద గేజ్ 45 పాస్కల్ చూపేది. ఇక్కడ శుభ్రమైన ఫిల్టర్‌కి 50 నుంచి 60 ఉంటుంది, 125 దాటితే కడగాలి. 45 అంటే శుభ్రమని అందరూ అనుకున్నారు. చూస్తే నల్లటి కంబళిలా ఉన్నాయి. గాలే తక్కువ కాబట్టి మురికి ఫిల్టర్ కూడా తక్కువ చూపింది. గాలి ఎంత పోతోందో తెలియకుండా ప్రెషర్ తేడా ఒక్కటి చూస్తే దానికి అర్థం లేదు.

దిశ మార్చాక డక్ట్‌లో వేగం నిమిషానికి 715 అడుగులు వచ్చింది. అంటే 1,430 సీఎఫ్ఎం, గంటకు 21 మార్పులు పైన. మోటారు 2.8 ఆంపియర్లు. హెపా మీద 196 పాస్కల్. కొత్తప్పుడు 160 ఉన్న ఫిల్టర్ ఇన్నేళ్లకు 196కి చేరింది. ఇంకా చాలా ఆయుష్షుంది. హెపాలో గాలి ఎంత పెరిగితే ప్రెషర్ తేడా దాదాపు అంతే పాళ్లలో పెరుగుతుంది. 620 దగ్గర 85 అయితే 1,430 దగ్గర 196 రావాలి, వచ్చింది. ఈ లెక్క కలవడం నాకు గేజ్ మీద నమ్మకాన్ని పూర్తి చేసింది.

మెకానిక్‌ని పిలిపించి ఎక్కువైన గ్యాస్ తీయించి, నేమ్‌ప్లేట్ మీదున్న బరువు ప్రకారం తూకం వేసి నింపించాం. ఎక్కువ గ్యాస్‌తో వదిలేస్తే ఎండాకాలంలో కంప్రెసర్ పోయేది.

తర్వాత హెపాలకు పీఏఓ లీక్ టెస్ట్. ఫిల్టర్ పైన నూనె పొగ వదిలి కింద ఫోటోమీటర్‌తో అంచులన్నీ స్కాన్ చేస్తాం. పై గాఢతలో 0.01 శాతం దాటితే ఫెయిల్. మూడు ఫిల్టర్లు పాస్. నాలుగోది ఒక మూల 0.08 చూపింది. ఫిల్టర్ కాగితం చిరగలేదు, గ్యాస్కెట్ (అంచు సీల్) ఆ మూల సరిగ్గా నొక్కుకోలేదు. బిగింపులు సమంగా బిగించాక హద్దులోపలికి వచ్చింది. హెపా మొత్తం మార్చి ఉంటే ఈ లీకు కూడా "కొత్త ఫిల్టర్ల పుణ్యమా అని" పోయేది, కారణం ఎవరికీ తెలిసేది కాదు.

డ్యాంపర్ తెరిచి తాజా గాలి 270 సీఎఫ్ఎంకి సెట్ చేశాం, అంటే గంటకు 4 మార్పులు. పీడనం 6 పాస్కల్ వచ్చింది. తలుపు కింద రబ్బరు సీల్ వేశాక 9. లూవర్‌ని డక్ట్ ముక్కతో మిల్లులకు అవతలి వైపుకు తిప్పి, దాని ముందు విప్పి కడుక్కునే ముతక ఫిల్టర్ ఒకటి పెట్టాం. కొత్త డ్రైవ్ వచ్చేదాకా స్టార్టర్ మీదే నడిపి, వైర్లకు రంగు ట్యాగులు కట్టి, బ్లోయర్ మీద బాణాన్ని ఎర్ర పెయింటుతో మళ్లీ గీశాం. ఖాళీ ఓటీలో 0.5 మైక్రాన్ల పైబడిన కణాలు ఘనపు మీటరుకు 12 లక్షల నుంచి 60 వేలకు దిగాయి. గాలి శుభ్రతకు వాడే ఐఎస్ఓ క్లాస్ 7 ప్రమాణంలో హద్దు 3,52,000. తర్వాతి సెటిల్ ప్లేట్లలో ఫంగస్ రాలేదు.

మేనేజ్‌మెంట్‌తో వాదనలు

"రాత్రి కేసులు లేనప్పుడు ఏహెచ్‌యూ ఆపితే కరెంటు మిగులుతది కదా" అని అడిగారు. ఆపితే పాజిటివ్ ప్రెషర్ పోతుంది, తేమ పడుతుంది, కడిగిన కాయిల్ మీద మళ్లీ బూజు. మార్గదర్శకాలు కూడా బ్లోయర్ రోజంతా నడవాలనే చెబుతాయి, పీడనం పోకుండా గాలిని తగ్గించుకోవచ్చు అంటాయి. డ్రైవ్ ఉంటే వేగం సగం చేయొచ్చు. సగం వేగానికి బ్లోయర్ తినే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొత్త డ్రైవ్ కొనడానికి ఒప్పించింది ఈ లెక్కే.

డబ్ల్యూహెచ్ఓ 2016లో కీళ్ల మార్పిడి ఆపరేషన్లకు లామినార్ ఫ్లో అవసరం లేదని చెప్పింది కదా, మనకెందుకు ఇంత ఖర్చు అని ఒక డాక్టర్ గారు అడిగారు. ఆ సూచన లామినార్ పద్ధతి ఇన్‌ఫెక్షన్లు అదనంగా తగ్గిస్తుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు. ఫిల్టర్ వద్దని గానీ, గాలి మార్పులు, పీడనం వద్దని గానీ అనలేదు.

క్రిములు చంపడానికి ఓటీలో ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) పొగ వేసే అలవాటు ఇక్కడ అప్పటికి ఇంకా ఉంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని తేలి చాలాకాలమైంది. పాజిటివ్ ప్రెషర్ లేని ఓటీలో పొగ వేసి తలుపు తీసిన కాసేపటికే కారిడార్ గాలి మళ్లీ నిండుతుంది. డిసెంబరు నుంచి మానేశారు.

ప్రీ-ఫిల్టర్ కడగడానికి ఒక కాగితం రాసిచ్చాను: గాలి వచ్చే దిశకు ఎదురుగా తక్కువ ప్రెషర్ నీళ్లు, ఎండలో కాకుండా నీడలో పూర్తిగా ఆరాకే బిగించాలి, అందుకని అదనంగా ఒక సెట్ ఉండాలి. తడిది బిగిస్తే బూజును మనమే పెంచినట్టు. హెపాని కడగరు, గాలితో కొట్టరు. ఇది రాయాల్సి రావడం బాధే గానీ, కంప్రెసర్ గాలితో హెపా దులిపిన చోట్లు ఉన్నాయి.

రెండో ఓటీలో స్ప్లిట్ ఏసీలే ఉన్నాయి. అవి ఉన్న గాలినే తిప్పుతాయి, బూజు పట్టే సందులు వాటి లోపలే ఉంటాయి, ఓటీకి పనికిరావు. బడ్జెట్ వచ్చే ఏడాదికని పక్కన పెట్టారు. అప్పటిదాకా ఇంప్లాంట్ కేసులన్నీ మొదటి ఓటీలోనే అని నిర్ణయమైంది.

రిజిస్టర్ ఫార్మాట్‌లో ఒక గడి పెరిగింది. హెపా రీడింగ్ 250 దాటినా చెప్పాలి, 160 కన్నా తగ్గినా చెప్పాలి. ఏప్రిల్‌లో, యాసంగి కోతలప్పుడు, సిస్టర్ గారే ఫోన్ చేశారు. "సార్, నిన్న 198, ఇయ్యాల 140. ఫిల్టర్ కాదు గద?" బెల్ట్ సాగి జారుతోంది. ఎలక్ట్రీషియన్ ఆ మధ్యాహ్నమే మార్చాడు. కొత్త బెల్ట్ కొంచెం సాగుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ బిగించమన్నాను. రీడింగ్ 200కి వచ్చింది.